పాత ఎమ్‌జీబీ కింద ఆయిల్ మరక: ఇంజను దించే ముందు చూడవలసినవి

మీరు అడిగింది ఇది. రెండు నెలల క్రితం లీసెస్టర్‌లో 1972 నాటి ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరుచుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నారు. రాత్రి గ్యారేజీలో పెడితే తెల్లవారేసరికి ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోట, నేల మీద అరచేయంత ఆయిల్ మరక పడుతోంది. ఒక మెకానిక్ చూసి, వెనక క్రాంక్ సీల్ (పిస్టన్లు తిప్పే ఇరుసు వెనక చివర ఆయిల్ ఆపే వలయం) పోయింది, ఇంజను దించాలి, 1,400 పౌండ్లు అవుతుంది అన్నారు. పాత కార్లు ఉన్న ఇంకొకాయనేమో, బ్రిటిష్ కార్లన్నీ కారుతాయి, పట్టించుకోకండి అన్నారు. ఎవరి మాట వినాలి?

ఇప్పటికి ఇద్దరి మాటా వినకండి. ఇంజను దించవద్దు, అలాగని వదిలేయనూ వద్దు. ముందు ఇంజను శుభ్రంగా కడగండి. దానికి ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో చూడండి. ఆ తర్వాత పైనుంచి కిందికి వెతకండి. మీ ఇంజనులో వెనక రబ్బరు సీల్ ఉంది, అది పోయి ఉండవచ్చు కూడా. కానీ వెనక సీల్ పోయిందంటూ నా దగ్గరకు వచ్చిన ఎమ్‌జీబీల్లో ఎక్కువ వాటికి ఆ సీల్ బాగానే ఉంది. ఆయిల్ పైన ఎక్కడో పుట్టి, ఇంజను వెనక అంచు వెంట జారి, అక్కడ బొట్టు కడుతోంది. మీ ఖర్చు 1,400 పౌండ్లు కావచ్చు, నాలుగైదు పౌండ్ల గాస్కెట్‌తోనూ పోవచ్చు. ఏది అన్నది ఒక శనివారం పనితో తేలుతుంది.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, అంబాసిడర్ల మీద. తర్వాత ఇంగ్లండ్ వచ్చి ఇరవై రెండేళ్లుగా మిడ్‌లాండ్స్‌లో పాత బ్రిటిష్ కార్లే చేస్తున్నాను. మొదటిసారి ఎమ్‌జీబీ బానెట్ ఎత్తినప్పుడు ఇంటి మనిషి ఎదురైనట్టు అనిపించింది. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1,489 సీసీ పెట్రోలు ఇంజను, మీ ఎమ్‌జీబీలోని 1,798 సీసీ ఇంజను రెండూ బీఎంసీ కంపెనీ బీ సిరీస్ ఇంజన్లే. వాటిని అన్నదమ్ములనవచ్చు. అంబాసిడర్ కింద పడుకుని పనిచేసినవాళ్లకు ట్యాపెట్ కవర్లు (ఇంజను పక్కనుండే రేకు మూతలు) ఎక్కడ ఉంటాయో, చెయ్యి ఎక్కడ ఇరుక్కుంటుందో ఇక్కడ కొత్తగా చెప్పనక్కర్లేదు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కూ ఇక్కడి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కూ ఇదే చుట్టరికం.

మా మేస్త్రి ఒక మాట అంటుండేవారు: “ఆయిలు కిందికి జారుతుంది గానీ పైకి పాకదురా. మరక దగ్గర కూర్చోకు, తల పైకెత్తి చూడు.” ఇక్కడి కార్ల మీద కూడా నా పని అంతా ఆ మాట మీదే నడుస్తోంది. దానికి నేను కలుపుకున్నది ఒక్కటే: చూడటానికి ముందు కడగాలి, కడిగాక ఊపిరి చూడాలి.

అసలు ఇవి ఎందుకు కారుతాయి?

అన్నీ కారుతాయి అన్నాయన మాటలో కొంత నిజం ఉంది. అది ఏ కారుకు వర్తిస్తుందో విడదీసి చెప్పాలి. ఎమ్‌జీబీకి ముందొచ్చిన ఎమ్‌జీఏకు, 1964 వరకు వచ్చిన మొదటి ఎమ్‌జీబీలకు, ట్రయంఫ్ టీఆర్2 నుంచి టీఆర్4ఏ వరకు, క్రాంక్ వెనక రబ్బరు సీలే లేదు. దాని బదులు క్రాంక్ మీదే మరలాగా ఒక గాడి చెక్కి ఉంటుంది. క్రాంక్ తిరుగుతున్నప్పుడు ఆ గాడి, మరమేకు తిరిగినట్టు, ఆయిల్‌ను తిరిగి లోపలికి నెడుతుంది. టీఆర్ ఇంజన్లలో ఆ గాడికీ చుట్టూ ఉన్న అల్యూమినియం వలయానికీ మధ్య ఖాళీ అంగుళంలో వెయ్యికి మూడు వంతులు. ఇంజను తిరిగినంతసేపు ఇది పనిచేస్తుంది. ఆగిన క్షణాన నెట్టేవాడు ఉండడు, లోపల మిగిలిన ఆయిల్ నాలుగు చుక్కలు బయటికి వస్తుంది. అది చెడిపోవడం కాదు, ఆ కట్టడమే అంత. మెయిన్ బేరింగులు అరిగి క్రాంక్ కొద్దిగా కిందికి దిగితే మాత్రం ఆ ఖాళీ ఒకవైపు పెరిగి, చుక్కలు ధారవుతాయి.

మీది అలాంటి ఇంజను కాదు. 1964 చివర్లో ఎమ్‌జీబీకి ఐదు మెయిన్ బేరింగుల క్రాంక్ వచ్చింది, దానితో పాటే వెనక రబ్బరు పెదవి ఉన్న సీల్ వచ్చింది. కాబట్టి ఇవన్నీ ఇంతే అనే మాట 1972 కారుకు చెల్లదు. నా చేతుల మీదుగా వెళ్లిన ఐదు బేరింగుల ఇంజన్లలో కింద అట్ట పెడితే వారానికి రెండు చుక్కలకు మించనివి చాలా ఉన్నాయి.

మిగతా కారణాలు అన్నింటికీ ఉమ్మడివి. కవర్లు పల్చటి రేకువి, గాస్కెట్లు బెండువి. రేకు కవర్‌ను గట్టిగా బిగిస్తే బోల్టు దగ్గర లోపలికి నొక్కుకుపోయి, రెండు బోల్టుల మధ్య పైకి లేస్తుంది. బెండు ఏళ్ల తరబడి వేడికి ఎండి బిస్కెట్‌లా విరుగుతుంది. వీటిమీద యాభై ఏళ్లుగా ఎవరెవరో చేతులు పెట్టారు. కారుతోందని ప్రతివాళ్లూ ఇంకో పావు మలుపు బిగించారు. నేను చూసే లీకుల్లో పెద్ద వాటా ఆ పావు మలుపులదే.

ఊపిరి: అన్నింటికంటే ముందు ఇదే

ప్రతి ఇంజనులోనూ పిస్టన్ రింగులను దాటి కొంత వాయువు కింది గదిలోకి దిగుతుంది. అది పోవడానికి దారి కావాలి. మీ కారులో ఆ దారి ముందు ట్యాపెట్ కవర్ మీది డబ్బాలోంచి, రబ్బరు గొట్టం మీదుగా, రెండు ఎస్‌యూ కంపెనీ కార్బ్యురేటర్లలోకి వెళ్తుంది. ఇంజను ఆ వాయువును పీల్చి కాల్చేస్తుంది. దాని స్థానంలో తాజా గాలి ఆయిల్ పోసే మూతలోంచి లోపలికి వస్తుంది. ఆ మూతలో చిన్న వడపోత ఉంది. 12,000 మైళ్లకొకసారి మూతనే మార్చాలి. అది మూసుకుపోతే పెట్రోలు, గాలి కలిసే పాళ్లు చెడతాయి. గొట్టం, ఆ డబ్బా మూసుకుపోతే లోపల ఒత్తిడి నిలుస్తుంది. ఆ ఒత్తిడి అన్ని సీళ్లనూ, అన్ని గాస్కెట్లనూ ఒకేసారి బయటికి తోస్తుంది. అప్పుడు మీరు ఒక చోట మూస్తే ఇంకొక చోట కారుతుంది.

పరీక్ష చాలా తేలిక. ఇంజను బాగా వేడెక్కాక, నెమ్మదిగా తిరుగుతుండగా, ఆయిల్ మూత తీసి ఆ రంధ్రం మీద పల్చటి ప్లాస్టిక్ సంచి ముక్క పరచండి. ముక్క లోపలికి కొద్దిగా గుంటపడితే ఊపిరి ఆడుతోంది. పైకి ఉబ్బినా, ఎగిరిపడినా దారి మూసుకుపోయింది, లేదా రింగులు అరిగాయి. రెండింటిలో ఏది అన్నది కంప్రెషన్ (సిలిండర్లలో నిలిచే ఒత్తిడి) చూస్తే తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే రింగుల మీద అనుమానం తగ్గించుకుని, దారి శుభ్రం చేయండి. ముందు ట్యాపెట్ కవర్ డబ్బా లోపల తీగ జాలీ ఉంటుంది. యాభై ఏళ్ల మసి, ఆయిల్ కలిసి అందులో తారులా గడ్డకడతాయి. కవర్ తీసి ఒక రాత్రి కిరసనాయిల్‌లో నానబెట్టండి. ఉదయం నోటితో కాదు, గాలి పంపుతో ఊదండి. రెండోవైపు నుంచి గాలి అడ్డులేకుండా రావాలి.

ఈ విషయాన్ని ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఒక కారు. ఆరేళ్ల క్రితం ఒక పెద్దాయన తన ఎమ్‌జీబీ జీటీ తెచ్చారు. వేరే చోట రెండుసార్లు ఇంజను దించి, రెండుసార్లూ వెనక సీల్ మార్చారు. రెండుసార్లూ నెల తిరక్కుండా మళ్లీ కారింది. ఆయన ముఖంలో కోపం కూడా మిగల్లేదు, అమ్మేద్దామనుకుంటున్నాను, అంతకుముందు ఒకసారి చూడండి అన్నారు. బానెట్ ఎత్తాను. ఎప్పుడో ఎవరో ఎస్‌యూలు రెండూ తీసేసి, వాటి బదులు వేరే పెద్ద కార్బ్యురేటర్ ఒకటి బిగించారు. దానికి ఊపిరి గొట్టం తగిలించే చోటు లేదు. ట్యాపెట్ కవర్ నుంచి వచ్చే రబ్బరు గొట్టంలో ఒక బోల్టు దూర్చి, క్లిప్పు వేసి బిగించేశారు. ఆ క్లిప్పు ఎంత శ్రద్ధగా బిగించారంటే రబ్బరు రెండు పక్కలా ఉబ్బి ఉంది. బోల్టు లాగగానే బుస్సుమని గాలి వచ్చింది. అప్పటికి ఇంజను ఆపి పది నిమిషాలైనా కాలేదు. ఆ గొట్టాన్ని ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు కలిపాను, ఆయిల్ మూత కొత్తది పెట్టాను. మూడోసారి సీల్ మార్చలేదు. ఆ కారు ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది, ఏటా సర్వీసుకు వస్తుంది, కింద అట్ట దాదాపు పొడిగా ఉంటుంది.

కడగడం, పౌడరు, టార్చి

ఊపిరి సరిగ్గా ఉందని తేలాక కడగండి. కార్బ్యురేటర్లకు, డిస్ట్రిబ్యూటర్‌కు ప్లాస్టిక్ సంచులు కట్టండి. మురికి కరిగించే ద్రావణం కొట్టి, కుంచెతో రుద్ది, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత అనుమానం ఉన్న అంచుల మీద టాల్కం పౌడరు పల్చగా చల్లండి. పది మైళ్లు తిప్పి తెచ్చి చూస్తే తెల్లటి పొడి మీద ఆయిల్ దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. గీత పై చివర ఎక్కడ మొదలైందో అదే మీకు కావలసిన చోటు.

ఇంకా నిర్ధారణ కావాలంటే ఆయిల్‌లో కలిపే మెరుపు రంగు, అతినీలలోహిత టార్చి కొనండి, రెండూ కలిపి పెద్ద ఖర్చేమీ కాదు. ఎమ్‌జీబీకి ఇది ప్రత్యేకంగా పనికొస్తుంది, ఎందుకంటే మీ కారులో గేర్‌బాక్సుకు కూడా ఇంజను ఆయిలే పోస్తారు, అదే 20డబ్ల్యు50 (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే గుర్తు). ట్రయంఫ్‌లో అయితే గేర్ ఆయిల్ గంధకం వాసనే ఎక్కడిదో చెప్పేస్తుంది. ఎమ్‌జీబీలో వాసన సాయం చేయదు. రంగు ఇంజనులో మాత్రమే కలపండి. కింద పడ్డ చుక్క టార్చి వెలుగులో పచ్చగా మెరిస్తే ఇంజనుది, మెరవకపోతే గేర్‌బాక్సుది. టార్చి లేకపోయినా ఒక గుర్తు ఉంది. చుక్కను తెల్ల కాగితం మీద తీసుకోండి. ఇంజను ఆయిల్ నల్లబడి ఉంటుంది, గేర్‌బాక్సు ఆయిల్ తేనె రంగులోనే ఉంటుంది. ఇవి రెండూ కాక, జిడ్డు తక్కువగా ఉండి, ఘాటుగా వాసన వేస్తూ, తగిలిన చోట పెయింట్ ఉబ్బుతుంటే అది ఆయిలే కాదు. బెల్ హౌసింగ్ (ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్‌ను కప్పే గుల్ల) పక్కనున్న క్లచ్ స్లేవ్ సిలిండర్ నుంచి కారుతున్న ద్రవం.

పైనుంచి కిందికి, నేను చూసే వరుస

మొదట రాకర్ కవర్, అంటే ఇంజను పైమూత. దాని వెనక అంచున కారితే ఆయిల్ బ్లాకు వెనక జారి నేరుగా బెల్ హౌసింగ్ మీదికి దిగుతుంది. కవర్ తీసి, అంచును చదునైన బల్ల మీద పెట్టి చూడండి. బోల్టుల దగ్గర లోపలికి నొక్కుకుని ఉంటే చెక్క దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా సరిచేయండి. గాస్కెట్‌ను కవర్‌కు మాత్రమే జిగురుతో అంటించండి, హెడ్ వైపు కొద్దిగా గ్రీజు చాలు. అప్పుడు వాల్వులు సర్దడానికి మళ్లీ తీసినా గాస్కెట్ చిరగదు. రెండు నట్ల కింది రబ్బరు బుషులు కొత్తవి వేయండి. బిగింపు 4 పౌండ్ల అడుగులు (టార్క్ స్పానర్ చూపే కొలత) మాత్రమే. చేతి అంచనాతో చెప్పాలంటే, చిన్న స్పానర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పినంత.

తర్వాత ట్యాపెట్ కవర్లు. మీ సమస్య ఇక్కడే ఉండవచ్చని నా గట్టి అనుమానం. ఎడమవైపు, మానిఫోల్డుల కింద, బ్లాకు పక్కన రెండు రేకు కవర్లు ఉంటాయి. వెనక కవర్‌ను ఎవరూ ముట్టుకోరు, ఎందుకంటే చెయ్యి పట్టదు, మానిఫోల్డు తీయాలి. అందుకే కారు పుట్టినప్పటి బెండు గాస్కెట్ ఇంకా అక్కడే ఉంటుంది. అది కారితే ఆయిల్ బ్లాకు పక్కన జారి, సంపు (ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టి) అంచు పట్టుకుని, వెనక్కి పాకి, సరిగ్గా మీరు చెప్పిన చోటే బొట్టు కడుతుంది. కారు నడుస్తున్నప్పుడు వచ్చే గాలి కూడా దాన్ని వెనక్కే తోస్తుంది. ఒక చిన్న అద్దం పెట్టి, కింది అంచు తడిగా ఉందేమో చూడండి. మార్చేటప్పుడు ఒక్కో కవర్‌కు ఒకే బోల్టు, బిగింపు 2 పౌండ్ల అడుగులు. ఆ బోల్టు తల కింది వాషరు కూడా కొత్తది వేయండి, లేకపోతే గాస్కెట్ పట్టుకుంటుంది గానీ ఆయిల్ బోల్టు వెంట వస్తుంది.

కుడివైపుకు వస్తే బ్లాకు వెనక మూల దగ్గర రెండు ప్రమాదకరమైనవి పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఆయిల్ కూలర్‌కు వెళ్లే గొట్టం, ఇంకొకటి డాష్‌బోర్డు మీద ఒత్తిడి చూపించే గేజీకి వెళ్లే సన్నటి గొట్టం. రెండింటిలోనూ పంపు ఒత్తిడితోనే ఆయిల్ ఉంటుంది, నడుస్తున్నప్పుడు అది చదరపు అంగుళానికి 50 నుంచి 80 పౌండ్లు. ఇక్కడ చెమ్మ కనిపించినా రేపు చూద్దాం అనుకోవద్దు. ఆ గొట్టం పగిలితే సంపులో ఉన్న నాలుగు లీటర్లు రోడ్డు మీదికి రావడానికి ఎంతో సేపు పట్టదు. గొట్టాన్ని కొద్దిగా వంచి చూడండి, రబ్బరు మీద సన్నటి పగుళ్లుంటే మార్చేయండి. బిగించేటప్పుడు రెండు స్పానర్లు వాడండి, ఒకదానితో పట్టుకుని ఇంకొకదానితో తిప్పండి. ఒక్కదానితో తిప్పితే గొట్టమే మెలిపడుతుంది.

ఆయిల్ ఫిల్టర్ పాత రకం, అంటే డబ్బాలో ఎలిమెంట్ పెట్టేది అయితే పైన గాడిలో రబ్బరు రింగు ఉంటుంది. సర్వీసు చేసినవాళ్లు పాత రింగు తీయకుండా దాని మీదే కొత్తది పెట్టేస్తుంటారు. పాతది నల్లగా, గట్టిపడి, గాడి అడుగున ఇనుములో ఇనుములా కలిసిపోయి ఉంటుంది. సూదితో గీకితేగాని తెలియదు. ఒక కారులో నేను మూడు రింగులు తీశాను.

ముందువైపు టైమింగ్ కవర్ సీల్, సంపు గాస్కెట్, సంపు ప్లగ్గు రాగి వాషరు మిగిలాయి. సంపును ఆటోనగర్‌లో ఛాంబర్ అంటాం. దాని బోల్టుల బిగింపు 6 పౌండ్ల అడుగులే. రాగి వాషరు మళ్లీ వాడాలంటే ఎర్రగా కాల్చి నీళ్లలో వేయండి, మెత్తబడుతుంది. కాల్చకుండా వాడితే గట్టి రాగి అంచుకు ఒదగదు.

నిజంగా వెనక సీలే అయితే

బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో వదులుగా వేలాడే ఒక స్ప్లిట్ పిన్ను చూడండి. అది ఎవరో మరిచిపోయిన పిన్ను కాదు. కారు అదురుతుంటే అదీ కదులుతూ రంధ్రం మూసుకుపోకుండా చూస్తుంది, లోపలికి చేరిన ఆయిల్ క్లచ్ మీద పడకుండా బయటికి పోవాలని అలా పెట్టారు. పైన చెప్పినవన్నీ పొడిగా ఉండి, ఆ రంధ్రం నుంచి మాత్రమే చుక్క పడుతుంటే అప్పుడు తప్పు లోపల ఉంది. చుక్క నల్లగా ఉంటే క్రాంక్ సీలో, ఇంజను వెనక పలక గాస్కెట్టో. తేనె రంగులో ఉంటే గేర్‌బాక్సు ముందు సీల్.

అప్పుడు కూడా వెంటనే దించనక్కర్లేదు. రాత్రికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టండి. ఇరవై ముప్పై చుక్కలైతేగాని ఒక మిల్లీలీటరు కాదు. రాత్రికి పది చుక్కలు పడినా, ఏడాది మొత్తానికి అది టీకప్పుకు కాస్త ఎక్కువ. నడిచేటప్పుడు పోయేది వేరు, దాన్ని డిప్‌స్టిక్ చెబుతుంది. ప్రతి ఐదువందల మైళ్లకూ ఎంత పోస్తున్నారో రాసుకోండి. క్లచ్ జారకుండా, వణకకుండా ఉంటే ఆగవచ్చు. ఎమ్‌జీబీలో క్లచ్ మార్చాలన్నా ఇంజను దించాల్సిందే. కాబట్టి ఆ రెండు పనులూ ఒకే రోజు చేయించండి. ఇంజను బయటికి వచ్చిన రోజు వెనక సీల్, వెనక పలక గాస్కెట్, గేర్‌బాక్సు ముందు సీల్, క్లచ్ ప్లేటు, కార్బన్ రిలీజ్ బేరింగ్ అన్నీ మార్చేయండి. విడిభాగాల ఖర్చు కూలితో పోలిస్తే తక్కువే. సీల్ పెదవి తగిలే చోట క్రాంక్ మీద గోరుకు అందేంత గాడి పడి ఉంటే, కొత్త సీల్‌ను పాత గీత మీద కాకుండా కొంచెం పక్కకు కూర్చోబెట్టమని చెప్పండి. పెదవికి ఆయిల్ రాయకుండా పొడిగా తొడిగితే మొదటి తిప్పులోనే అది కాలిపోతుంది.

ఎవరేమన్నా ఆగకూడని లీకు ఒకటుంది

మీరు ఇంజను మరక గురించే అడిగారు. కానీ కొన్న రెండు నెలల్లో వెనక చక్రాల లోపలి వైపు ఒక్కసారైనా చూశారా? ఇప్పుడే వెళ్లి చూడండి. టైరు లోపలి గోడ మీద, బ్రేకు డ్రమ్ము వెనక పలక మీద ఆయిల్ చారలుంటే ఆ కారును నడపవద్దు. అది వెనక యాక్సిల్ నుంచి హబ్ సీల్ దాటి బ్రేకుల్లోకి వచ్చిన హైపాయిడ్ ఆయిల్ (యాక్సిల్ గేర్లకు పోసేది).

రెండేళ్ల క్రితం ఒకాయన, హ్యాండ్‌బ్రేకు ఎత్తు మీద నిలవడం లేదు, కేబుల్ బిగించండి అని వచ్చారు. డ్రమ్ము ఊడదీస్తే బ్రేకు షూలు నల్లగా నానిపోయి ఉన్నాయి. హబ్ సీల్ మార్చేముందు యాక్సిల్ బ్రీదర్ కోసం వెతికాను. గొట్టం లాంటి ఆ యాక్సిల్ పైన చిన్న బ్రీదర్ ఉంటుంది, లోపల వేడెక్కిన గాలి అందులోంచి పోవాలి. అది కనబడలేదు. కింది భాగం తుప్పు పట్టకూడదని ఎవరో యాక్సిల్ మొత్తానికి తారు పెయింటు కొట్టారు, బ్రీదర్ దాని కింద సమాధి అయింది. వేలితో తడిమితే చిన్న బొడిపెలా తగిలింది. గీకితే ఇత్తడి మెరిసింది. గాలికి దారి లేక, ప్రతి దూర ప్రయాణంలోనూ లోపలి ఒత్తిడి ఆయిల్‌ను బ్రేకుల్లోకి తోసింది. ఇంజనులో చెప్పిన ఊపిరి కథే ఇక్కడా. కొత్త సీళ్లు, కొత్త షూలు రెండువైపులా వేశాం. ఆయిల్ తాగిన షూలను కడిగి వాడవచ్చని కొందరంటారు. వాడకండి, వేడెక్కగానే ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. ఒకవైపు మాత్రమే మార్చినా బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు లాగుతుంది.

ఈ సంగతి ఇప్పుడు ఇంకా ముఖ్యం. 2018 మే నుంచి ఇక్కడ నలభై ఏళ్లు దాటిన, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు ఏటేటా చేసే ఎంవోటీ పరీక్ష తప్పనిసరి కాదు. అంటే చట్టం తరఫున మీ కారు కిందకు ఎవరూ తొంగి చూడరు. మీ అంతట మీరు ఏటా చేయించుకోవచ్చు. తప్పకుండా చేయించండి, దానికయ్యే డబ్బుకు అంతకంటే మంచి ఉపయోగం లేదు.

దీనితో సమానంగా భయపడాల్సింది ఎగ్జాస్ట్ మీద పడే ఆయిల్. రాకర్ కవర్ ఎడమ అంచు నేరుగా మానిఫోల్డు పైనే ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాడు వాసన, బానెట్ సందుల్లోంచి నీలం పొగ వస్తే ఆ రోజే గాస్కెట్ మార్చండి.

చేయవద్దని చెప్పేవి

సీసాలో అమ్మే లీకు ఆపే మందులు పోయకండి. అవి రబ్బరును ఉబ్బించి కొన్ని నెలలు ఆపుతాయి, తర్వాత అదే రబ్బరు మెత్తబడి పనికిరాకుండా పోతుంది. గాస్కెట్ చుట్టూ సిలికాన్ పేస్టు దట్టంగా పూయకండి. బయటికి పొంగింది మీకు కనబడుతుంది, అంతే మోతాదులో లోపలికి పొంగింది కనబడదు. అది ఊడి సంపులో పడి పంపు జాలీకి అడ్డుపడుతుంది. అలా జాలీ సగం మూసుకుపోయిన ఇంజనును విప్పాను, బేరింగుల మీద రాగి రంగు తేలి ఉంది. పల్చటి కొత్తరకం ఆయిల్ కూడా వద్దు. ఈ ఇంజను ఖాళీలన్నీ 20డబ్ల్యు50కి తగ్గట్టు ఉన్నవి. పాత కార్ల కోసమని అమ్మే జింకు ఉన్న ఆయిల్ తీసుకోండి, క్యామ్‌కు, ట్యాపెట్లకు కూడా అది కావాలి.

చలికాలమంతా కారును కప్పి వదిలేయకండి. నెలల తరబడి కదలని క్రాంక్ మీద సీల్ పెదవి ఆరిపోయి ఒకే ఆకారంలో బిగుసుకుపోతుంది. రెండు వారాలకొకసారి, రోడ్ల మీద ఉప్పు లేని రోజు చూసి, ఆయిల్ పూర్తిగా వేడెక్కేదాకా అరగంట నడపండి. ఉన్నచోటే పది నిమిషాలు తిప్పి ఆపడం వల్ల లోపల తేమ చేరడం తప్ప లాభం లేదు.

ఈ శనివారం ప్లాస్టిక్ ముక్క పరీక్ష, వెనక చక్రాల లోపలి వైపు, ఈ రెండూ చూడండి. కారును జాకీ మీద మాత్రమే నిలిపి కిందకు దూరవద్దు, స్టాండ్లు పెట్టాకే. ముక్క గుంటపడిందా ఉబ్బిందా, బెల్ హౌసింగ్ రంధ్రంలో పిన్ను ఉందా లేదా, తెల్ల కాగితం మీద చుక్క ఏ రంగులో ఉంది, ఈ మూడూ రాయండి. పిన్ను లేకుండా ఆ రంధ్రం మురికితో పూడిపోయి ఉంటే, ఇంకేమీ చేయకముందే ఒక తీగతో తెరిచి, కింద డబ్బా పెట్టండి. లోపల ఎంత నిలిచి ఉందో అప్పుడు తెలుస్తుంది.